ట్రిప్ ప్లానింగ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఎక్కడికైనా వెళ్లొద్దాం అన్న మాట రాగానే చాలామంది మొదట చేసే పని ఫోన్ తీసి టికెట్ రేట్లు చూడటం. తర్వాతి పని అక్కడ చూడాల్సిన చోట్ల గురించి వీడియోలు చూడటం. రెండూ చేయాల్సినవే, కానీ వాటి వంతు ఇంకా రాలేదు. సమాచారం దొరక్క చెడిపోయే ట్రిప్పులు ఈ రోజుల్లో తక్కువ. నిర్ణయాల వరుస తప్పడం వల్ల చెడిపోయేవే ఎక్కువ. డబ్బు వాపసు రాని టికెట్ కొనేశాక పాస్‌పోర్ట్ గడువు చూసుకుంటారు. హోటల్‌కి డబ్బు కట్టాక సెలవు అడుగుతారు. ఊళ్లన్నీ ఖాయం చేశాక, వెంట వచ్చే అమ్మ రోజుకి ఎంత దూరం నడవగలదో గుర్తొస్తుంది.

అందుకని ఒకే సూత్రం పెట్టుకోండి. మార్చడానికి వీల్లేనివి, దొరకడం కష్టమైనవి ముందు తేల్చాలి. ఎప్పుడైనా మార్చుకోగలిగినవి చివరికి వదిలేయాలి. కింద చెప్పేవన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. పక్క ఊరికి రెండు రోజులు వెళ్లేవాళ్లు పాస్‌పోర్ట్ భాగం దాటేయవచ్చు, మిగతాది వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఈ ట్రిప్ ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. "అలసిపోయాం, విశ్రాంతి కావాలి." "పిల్లలకి సముద్రం చూపించాలి." "ఏళ్లుగా కలవని అక్కతో నాలుగు రోజులు ఉండాలి." ఏదైనా సరే, ఒక్కటే రాయండి. రెండు మూడు కారణాలుంటే ఏది ముఖ్యమో తేల్చి దాని కింద గీత గీయండి.

ఇది అవసరమా అనిపిస్తుంది గానీ, తర్వాత వచ్చే ప్రతి తర్జనభర్జనా ఈ వాక్యం దగ్గరే తేలుతుంది. విశ్రాంతి కోసం వెళ్తున్నవాళ్లు ఆరు రోజుల్లో నాలుగు ఊళ్లు పెట్టుకున్నారంటే, ఆ ప్లాన్ వాళ్ల కారణానికి సరిపడదని కాగితమే చెప్తుంది. అక్కతో గడపడానికి వెళ్తుంటే పొద్దున్నుంచి రాత్రి దాకా మ్యూజియంల చుట్టూ తిరగనక్కర్లేదు. ఊరి పేరు ముందు అనుకుని కారణం తర్వాత వెతికితే, ఎవరో వెళ్లొచ్చిన ట్రిప్‌ని మళ్లీ చేసినట్టే ఉంటుంది.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఈ మెట్టు పది నిమిషాల పని. నలుగురితో వెళ్లేవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. అందరినీ కూర్చోబెట్టి "ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే నెగ్గుతుంది, మిగతావాళ్లు తలూపుతారు. అలా తలూపినవాళ్లు ట్రిప్ మూడో రోజు ముఖం ముడుచుకుంటారు. దానికి వాళ్లని తప్పుపట్టలేం. ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఈ ట్రిప్‌లో నీకు తప్పకుండా కావాల్సింది ఏంటి? నీవల్ల కానిది ఏంటి? ఎంత వరకు ఖర్చు పెట్టగలవు? పిల్లల్ని కూడా అడగండి. ఐదేళ్ల పిల్లకీ ఒక కోరిక ఉంటుంది, అది తరచుగా చాలా తేలిగ్గా తీర్చగలిగేదే అయి ఉంటుంది.

డబ్బు మాట ఎత్తడానికి చాలామంది మొహమాటపడతారు. స్నేహితుల మధ్య ఇదే పెద్ద చిక్కు. నా సలహా ఏంటంటే, కలిసి పెట్టే ఖర్చులన్నీ అందరిలో తక్కువ పరిమితి ఉన్నవాళ్లని బట్టి నిర్ణయించండి. ఎక్కువ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు వాళ్ల ఇష్టమైనదానికి ఒక పూట విడిగా వెళ్లొచ్చు. ఈ ఒప్పందం టికెట్లు కొనకముందే కుదిరితే తర్వాత ఎవరూ మనసులో లెక్కలేసుకోరు.

కదలనివాటిని రాసుకోండి

అదే కాగితం మీద, మీ చేతిలో లేనివన్నీ రాయండి. సెలవు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, పిల్లల పరీక్షలు ఎప్పుడు, ఎవరి మందులు ఏంటి, ఎవరికి మెట్లెక్కడం కష్టం, చెల్లించాల్సిన పెద్ద మొత్తాలు ఆ నెలలో ఏమైనా ఉన్నాయా. సెలవుల తేదీలు అటూఇటూ జరపగలిగితే అదీ రాయండి. రెండు మూడు రోజులు జరిపే వీలుంటే రద్దీ తగ్గుతుంది, రేట్లూ తగ్గుతాయి.

ఆరోగ్యం విషయంలో ఎత్తు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్లాన్ రూపాన్నే మార్చేస్తుంది. పెరూలోని కుస్కో నగరం సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందరూ చూడాలనుకునే ప్రాచీన నగరం మాచు పిచ్చు దానికంటే చాలా కింద, దాదాపు 2,430 మీటర్ల దగ్గర ఉంది. విమానం దిగిన రోజే కుస్కోలో తిరగడం మొదలుపెడితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం చాలామందికి తప్పవు. అందుకే తెలిసినవాళ్లు దిగగానే కింద ఉన్న లోయకి వెళ్లిపోయి, మాచు పిచ్చు చూసుకుని, ఒళ్లు అలవాటు పడ్డాక కుస్కోకి వస్తారు. చూసే చోట్లు అవే, వరుస మాత్రమే మారింది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ వైద్యులు చెప్తారు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి చోట్లకి డాక్టర్‌ని అడగకుండా టికెట్ తీసుకోవద్దు.

టైమ్ తేడా కూడా కదలనిదే. గంట తేడాకి ఒళ్లు సర్దుకోవడానికి దాదాపు ఒక రోజు పడుతుందని లెక్క. ఎక్కువమందికి పడమర వైపు ప్రయాణం కంటే తూర్పు వైపు ప్రయాణమే కష్టంగా ఉంటుంది. ఎనిమిది గంటల తేడా ఉన్న చోటికి నాలుగు రోజుల కోసం వెళ్తే, ఒళ్లు అక్కడి టైమ్‌కి అలవాటు పడేలోపే తిరుగు ప్రయాణం వచ్చేస్తుంది. తక్కువ సెలవులున్నప్పుడు ఉత్తర దక్షిణ దిశల్లో, అంటే టైమ్ పెద్దగా మారని చోట్లు ఎంచుకోవడం తెలివైన పని.

కాగితాలు, పాస్‌పోర్ట్, వీసా

దేశం దాటుతుంటే ఊరు ఖాయం చేసే ముందే ఈ పని చేయాలి. పాస్‌పోర్ట్ తెరిచి గడువు తేదీ చూడండి. చాలా దేశాలు మీరు అడుగుపెట్టే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్‌లోని షెంగెన్ దేశాలకైతే మీరు అక్కడి నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్ట్ జారీ అయ్యి పదేళ్లు దాటకూడదు. ఖాళీ పేజీలు ఎన్ని మిగిలాయో కూడా చూడండి. కుటుంబంలో ఒక్కొక్కరి పాస్‌పోర్టూ విడిగా చూడాలి. పిల్లల పాస్‌పోర్టులకి చాలా చోట్ల గడువు తక్కువ కాబట్టి ముందు అయిపోయేవి అవే.

తర్వాత వీసా. మీ పాస్‌పోర్ట్‌కి ఆ దేశం ఏ నియమం పెట్టిందో ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి. పోయినేడాది వెళ్లొచ్చిన స్నేహితుడి మాట మీద ఆధారపడొద్దు, నియమాలు మారుతూ ఉంటాయి. విమానం ఎక్కేముందు మీ కాగితాలు సరిపోతాయో లేదో ఎయిర్‌లైన్ సిబ్బంది చూస్తారు. దానికి చాలా సంస్థలు వాడేది విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వాళ్ల టైమాటిక్ అనే డేటాబేస్. అందులో మీ కాగితాలు చాలవని వస్తే విమానం ఎక్కనివ్వరు, మీరెంత వాదించినా లాభం ఉండదు.

షెంగెన్ వీసా ఉదాహరణగా తీసుకోండి. ఒకే వీసాతో 29 దేశాలు తిరగొచ్చు, కానీ ఏ 180 రోజుల్లోనైనా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆలస్యంలో ఆలస్యం 15 రోజుల ముందైనా చేయాలి. మామూలుగా నిర్ణయం 15 రోజుల్లో వస్తుంది. అయితే అప్లికేషన్ ఇవ్వడానికి అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టే సీజన్లు ఉంటాయి. కాబట్టి మీ క్యాలెండర్‌లో వీసా పనికి పెట్టుకునే టైమ్ అపాయింట్‌మెంట్ కోసం వెతకడం మొదలుపెట్టే రోజు నుంచి లెక్కపెట్టాలి.

మధ్యలో విమానం మారే దేశాన్ని మర్చిపోవద్దు. కొన్ని దేశాల్లో ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి రాకపోయినా ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికాలో విమానం మారేవాళ్లు వేరే దేశానికి పోతున్నా సరే అక్కడి ఇమిగ్రేషన్ దాటాల్సిందే. దానికి తగ్గ వీసాగానీ ముందస్తు అనుమతిగానీ ఉండాలి. చవగ్గా దొరికిన టికెట్ ఇలాంటి మలుపు తిరిగి ఖరీదవుతుంది.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని కొన్ని దేశాలకి యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటవుతోంది కాబట్టి ఒకసారి తీసుకున్న కార్డుని భద్రంగా దాచుకోండి.

ఏ నెలలో వెళ్లాలి

ఇప్పుడు మీ దగ్గర తేదీలు, మనుషులు, డబ్బు, కాగితాలు అన్నీ ఉన్నాయి. ఊరు ఎంచుకోవడం చాలా తేలికవుతుంది, ఎందుకంటే ప్రపంచంలో సగం చోట్లు ఇప్పటికే పక్కకి తప్పుకున్నాయి. మిగిలినవాటిలో రెండు మూడు రాసుకుని, ఒక్కోదానికీ ఆ నెల ఎలా ఉంటుందో చూడండి.

వాతావరణం చూసేటప్పుడు చాలామంది సగటు ఉష్ణోగ్రత చూసి ఆగిపోతారు. అది సరిపోదు. పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం, నెలలో వాన పడే రోజులు ఎన్ని అనే మూడూ చూడాలి. పగలు ఎన్ని గంటలు వెలుతురు ఉంటుందో కూడా చూడండి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జూన్ చివర సూర్యుడు దాదాపు 21 గంటలు ఉంటాడు. డిసెంబర్ చివర నాలుగు గంటలే. జలపాతాలు, కొండలు చూడాలనుకుంటే జూన్ సరైన కాలం. రాత్రి ఆకాశంలో ఉత్తర ధ్రువ కాంతులు చూడాలనుకునేవాళ్లకి జూన్ వెలుతురులో అవి కనిపించనే కనిపించవు. ఊరు ఒకటే అయినా రెండు వేర్వేరు ట్రిప్పులు. మీరు కాగితం మీద రాసుకున్న కారణం ఇక్కడ పనికొస్తుంది.

భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న దేశాల్లో కాలాలు తలకిందులు. న్యూజిలాండ్‌లో డిసెంబర్, జనవరి వేసవి. కరీబియన్ ప్రాంతంలో, అట్లాంటిక్ తీరాల్లో జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ల సీజన్‌గా లెక్కిస్తారు. ఆ నెలల్లో వెళ్లకూడదని కాదు, కానీ రద్దు చేసుకునే వీలున్న బుకింగులే తీసుకోవాలి.

స్థానికుల సెలవులు కూడా చూడాలి. జపాన్‌లో ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా వరుస సెలవులొస్తాయి. చైనాలో అక్టోబర్ 1 నుంచి జాతీయ దినోత్సవ సెలవులు. ఆ రోజుల్లో ఆ దేశమంతా ప్రయాణంలోనే ఉంటుంది. రైలు సీటు దొరకడం నుంచి క్యూలో నిలబడటం దాకా అన్నీ కష్టమే. పీక్ సీజన్‌కి కాస్త ముందో, కాస్త వెనకో ఉండే వారాలు చాలా చోట్ల మంచివి. వాతావరణం ఇంకా బాగుంటుంది, జనం తగ్గుతారు.

రోజుల లెక్క నిజాయితీగా వేయండి

ప్లాన్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "ఏడు రోజుల ట్రిప్" అంటాం. వెళ్లే రోజు, వచ్చే రోజు తీసేయండి, ఐదు మిగిలాయి. ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దడం, రూమ్ ఖాళీ చేయడం, స్టేషన్‌కి పోవడం, ప్రయాణం, కొత్త చోట రూమ్ ఇచ్చేదాకా ఆగడం కలిపి సగం రోజు పోతుంది. రెండు సార్లు ఊరు మారితే ఒక రోజు పోయింది. చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి. ఆ నాలుగింటికి మూడు ఊళ్లు పెడితే ఒక్కో ఊరికి రోజున్నర కూడా రాదు.

నేను ఎవరికి చెప్పినా ఒక్క మాటే చెప్తాను: ఒక చోట కనీసం మూడు రాత్రులు ఉండలేకపోతే ఆ ఊరిని ఈసారికి వదిలేయండి. దారిలో ఆగక తప్పని చోట్లు వేరు. చూద్దామని పెట్టుకున్న ఊళ్లకి మాత్రం ఈ నియమం గట్టిగా పాటించండి. మ్యాప్ చూపించే రెండు గంటల దూరం చిన్న పిల్లలతో, పెద్దవాళ్లతో మూడున్నర గంటలవుతుంది.

ఊళ్లు రెండు మూడు తప్పనిసరైతే ఒక చోట దిగి ఇంకో చోట నుంచి తిరిగి వచ్చేలా టికెట్ తీసుకోవచ్చేమో చూడండి. దిగిన ఊరికే మళ్లీ రావాల్సిన పని తప్పుతుంది, ఒక్కోసారి రోజంతా మిగులుతుంది. బుకింగ్ సైట్లలో "మల్టీ సిటీ" అని ఉండే చోట ఇది దొరుకుతుంది. విడివిడిగా రెండు వన్‌వే టికెట్లు కొనడం కంటే తరచుగా ఇదే చవక.

డబ్బు లెక్క

రాకపోకలు, బస, అక్కడ తిరగడానికి, తిండికి, ప్రవేశ టికెట్లకి, వీసా ఇన్సూరెన్సులకి విడివిడిగా ఒక్కో వరుస రాయండి. మొదటి రెండూ ముందే తెలుస్తాయి. మిగతావి రోజుకి ఇంత అని వేసి రోజులతో గుణించండి. వచ్చిన మొత్తం మీద పదో వంతైనా అదనంగా పక్కన పెట్టండి, పిల్లలు పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకాస్త ఎక్కువ. దాన్ని ఖర్చు లెక్కలో కలపొద్దు, మిగిలితే మిగిలిందనుకోండి.

బుకింగ్ రేటులో కనిపించని ఖర్చులు కొన్ని ఉంటాయి. యూరప్‌లో చాలా నగరాల్లో మనిషికి, రాత్రికి ఇంత అని టూరిస్ట్ ట్యాక్స్ హోటల్‌లోనే విడిగా కట్టించుకుంటారు. వెనిస్‌లో 2024 నుంచి కొన్ని నిర్ణీత రోజుల్లో రాత్రి బస చేయకుండా పగలు చూసి వెళ్లేవాళ్ల దగ్గర కూడా ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. అద్దె కారు తీసుకుంటే క్రెడిట్ కార్డు మీద డిపాజిట్ కింద కొంత మొత్తం ఆపి ఉంచుతారు. ఆ మొత్తం ట్రిప్ అయ్యేదాకా మీకు అందుబాటులో ఉండదు.

విదేశంలో కార్డు గీకేటప్పుడు మెషీన్ "మీ దేశపు కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా?" అని అడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మన కరెన్సీలో మొత్తం కనిపిస్తే ధైర్యంగా ఉంటుంది గానీ, ఆ మార్పిడి రేటు మామూలుగా మనకి నష్టమే.

బుకింగ్ ఏ వరుసలో చేయాలి

ఇక్కడికి వచ్చాక ఫోన్ తీయవచ్చు. అయినా ముందు విమాన టికెట్ కాదు. మీ ట్రిప్‌లో అన్నిటికంటే తక్కువగా దొరికేది ఏదో ముందు చూడండి. పెరూలో మాచు పిచ్చుకి నడిచి వెళ్లే "ఇంకా ట్రెయిల్" (Inca Trail) అనే కొండదారిలో వెళ్లాలనుకుంటే రోజుకి 500 మందినే అనుమతిస్తారు, అందులో గైడ్లు, సామాన్లు మోసేవాళ్లు కూడా లెక్కే. ఫిబ్రవరి అంతా దారి మూసేస్తారు. ఆ పర్మిట్ లేని తేదీలకి విమానం ఎక్కి ఏం లాభం? ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంటి మ్యూజియం టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్ముతారు, తలుపు దగ్గరికి వెళ్లి అడిగితే దొరకవు. మీ ట్రిప్‌కి ఇలాంటిది ఒకటి ప్రాణం అయితే, దాని తేదీ దొరికాకే మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి.

తర్వాత విమానం లేదా దూరపు రైలు. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్ మీద ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి, ఇంటిపేరు, అసలు పేరు ఏ గడిలో ఉన్నాయో చూసుకోండి. ఊరి పేరు కంటే ఎయిర్‌పోర్ట్ మూడక్షరాల కోడ్ నమ్మండి. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఉంది. శాన్ హోసే కోస్టారికా రాజధాని, అదే స్పెల్లింగ్‌తో కాలిఫోర్నియాలో ఇంకో పెద్ద నగరం ఉంది. ఎయిర్‌పోర్ట్ ఊరికి ఎంత దూరమో కూడా చూడాలి. ప్యారిస్ పేరు తగిలించుకున్న బోవే ఎయిర్‌పోర్ట్ ఆ నగరం నుంచి 80 కిలోమీటర్ల పైనే ఉంటుంది.

టికెట్ మీద టైములన్నీ ఆయా ఊళ్ల స్థానిక టైములే. రాత్రి 12 దాటాక బయలుదేరే విమానాల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 15వ తేదీ 00:40 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాల్సింది 14వ తేదీ రాత్రి. ఇది తెలిసిన విషయంలాగే ఉంటుంది, అయినా ఏటా ఎంతోమంది 15వ తేదీ రాత్రి ఎయిర్‌పోర్ట్‌కి చేరి కౌంటర్ దగ్గర నిలబడతారు. క్యాలెండర్‌లో విమానం టైమ్ కాకుండా ఇంటి నుంచి కదలాల్సిన టైమ్ రాసుకోండి.

మధ్యలో విమానం మారాల్సి వస్తే రెండూ ఒకే టికెట్ కింద ఉన్నాయో లేదో చూడండి. ఒకే బుకింగ్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరే విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొన్న టికెట్లకి ఆ బాధ్యత ఎవరికీ లేదు, రెండోది మీరే మళ్లీ కొనుక్కోవాలి. డబ్బు మిగులుతుందని విడిగా కొనేవాళ్లు మధ్యలో చాలా గంటల ఖాళీ, లేదా ఒక రాత్రి బస పెట్టుకుంటేనే ఆ పని చేయాలి.

విమానం అయ్యాక మొదటి రాత్రి, చివరి రాత్రి బస. అర్ధరాత్రి దిగుతుంటే ఆ టైమ్‌లో రూమ్ ఇస్తారా అని రాసి అడగండి, జవాబు దాచుకోండి. మొదటి రాత్రికి అందం కంటే సులభంగా చేరగలగడం ముఖ్యం. చివరి రాత్రి ఎయిర్‌పోర్ట్‌కో స్టేషన్‌కో దగ్గరగా ఉండాలి. మధ్య రోజుల బస రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. "ఫ్రీ క్యాన్సిలేషన్" గడువు తేదీతో పాటు టైమ్ కూడా చూడాలి. అది మామూలుగా ఆ హోటల్ ఉన్న చోటి టైమ్ ప్రకారం ఉంటుంది, మీ గడియారం ప్రకారం కాదు. రివ్యూల్లో నక్షత్రాల కంటే ఇటీవలి నెలల్లో రాసినవి, అందులోనూ మీలాంటివాళ్లు రాసినవి చదవండి. పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ ఉందా అన్నది ఫోటోల్లో కనపడదు, అడిగి తెలుసుకోవాలి.

ఇన్సూరెన్స్‌ని చాలామంది చివరి రోజు తీసుకుంటారు. ట్రిప్ రద్దయితే డబ్బు వచ్చే పాలసీ అయితే మొదటి పెద్ద చెల్లింపు చేసిన రోజుల్లోనే తీసుకోవాలి, అప్పుడే దానివల్ల పూర్తి ఉపయోగం. పాలసీలో ఏమేం ఇస్తారో చదివేముందు ఏమేం ఇవ్వరో చదవండి. ముందే ఉన్న జబ్బులు, ఎత్తైన చోట్ల ట్రెక్కింగ్, స్కూటర్ నడపడం, డైవింగ్ లాంటివి చాలా పాలసీలు మినహాయిస్తాయి. మీరు చేయబోయే పని ఆ లిస్టులో ఉంటే వేరే పాలసీ చూడండి.

రోజువారీ ప్లాన్ చివర్లో

చూసే చోట్ల లిస్టు ఇప్పుడు రాయండి. రోజుకి ఒక్క పెద్ద విషయం చాలు. దాని దగ్గర్లో, ఓపిక ఉంటే చూడగలిగేవి ఇంకో రెండు పక్కన రాసుకోండి. అన్నిటినీ మ్యాప్‌లో గుర్తుపెట్టి చూస్తే ఏవి ఏ రోజుకి కలుస్తాయో కంటికే తెలుస్తుంది. ఊరికి ఈ చివర ఉన్నది పొద్దున, ఆ చివర ఉన్నది సాయంత్రం పెట్టుకుంటే రోజంతా దారిలోనే గడిచిపోతుంది.

మూసే రోజులు తప్పకుండా చూడండి. ప్యారిస్‌లోని లూవ్ర్ మంగళవారం తెరవరు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ సోమవారం తెరవరు. తాజ్ మహల్ శుక్రవారం సందర్శకులకి మూసి ఉంటుంది. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంచుతాయి. రెండు రోజులే ఉన్న ఊళ్లో అందులో ఒకటి మూసే రోజైతే ప్లాన్ ముందే మార్చుకోవాలి.

దిగిన రోజు టైమ్ పెట్టి కొన్న టికెట్లేవీ పెట్టుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఆ డబ్బు పోతుంది, సమయానికి వచ్చినా అలసటతో చూసింది మనసుకెక్కదు. నాలుగైదు రోజులు దాటిన ట్రిప్‌లో ఒక పూట పూర్తిగా ఖాళీగా ఉంచండి. వాన పడితే ఆ పూటకి జరుపుకోవచ్చు, పడకపోతే బాగా నచ్చిన చోటికి మళ్లీ వెళ్లొచ్చు.

బయలుదేరడానికి వారం ముందు

పాస్‌పోర్ట్, వీసా, టికెట్లు, ఇన్సూరెన్స్, హోటల్ అడ్రసు, మందుల చీటీ ఫోటోలు తీసి ఫోన్‌లో నెట్ లేకుండా తెరుచుకునేలా పెట్టుకోండి. ఒక కాగితపు కాపీ బ్యాగులో, అసలు కాగితాలున్న చోట కాకుండా వేరేగా ఉండాలి. మొదటి రాత్రి ఉండబోయే చోటు అడ్రసు, ఫోన్ నంబరు ఆ దేశపు లిపిలో కూడా రాసుకుంటే టాక్సీ డ్రైవర్‌కి చూపించడానికి పనికొస్తుంది. ఆ ఊరి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మీరు వాడే బ్యాంకు విదేశీ లావాదేవీల అనుమతి విడిగా అడుగుతుందేమో కనుక్కుని ఆన్ చేయించుకోండి. ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి, లేకపోతే కార్డు ఉన్నా డబ్బు కట్టలేరు.

పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్ల లోపు అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు, 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. రోజూ వేసుకునే మందులు కూడా చేతి బ్యాగులోనే, అవసరమైన రోజుల కంటే నాలుగు రోజులకి ఎక్కువగా, కొన్నప్పటి అసలు డబ్బాల్లోనే పెట్టుకోండి. కొన్ని మందులపై కొన్ని దేశాల్లో ఆంక్షలుంటాయి. మత్తు, నిద్ర, నొప్పి మందులు వాడేవాళ్లు ఆ దేశ నియమాలు ముందే చూసి, డాక్టర్ ఉత్తరం వెంట పెట్టుకోవాలి.

చివరిగా, ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఏ విమానంలో వస్తారో ఒక పేజీలో రాసి ఇంట్లో ఉండేవాళ్లకి ఇవ్వండి. ఇన్సూరెన్స్ వాళ్ల ఎమర్జెన్సీ నంబరు, పాలసీ నంబరు కూడా అందులో ఉండాలి. ప్లాన్ మారిన రోజు మారిందని వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి.